లెక్కలకు మారుప్రతి



ఆవకాయ పెట్టునప్పుడు మన యిండ్లలో ఒక పద్ధతి కలదు. కలిపిన కాయనంతయు ఒక్క జాడీలో నింపి పొయ్యి ప్రక్కన నుంచము. పెద్ద జాడీకి వాసెన గట్టి చీకటి గదిలో దాచి, పదిదినములకు సరిపడునంత మాత్రము చిన్న జాడీలోనికి తీసికొందుము. చిన్న జాడీలో తడిచేయి పడినను పెద్ద జాడీ చెడదు. దీనిని మనకెవ్వరును పాఠముగా చెప్పలేదు. అమ్మను, అత్తను చూచి నేర్చుకొంటిమి. ఆ చేతులతోనే నేడు మనము దుకాణపు లెక్కలను, పొదుపు సంఘపు పద్దులను, కుట్టుపనికి వచ్చినవారి కొలతలను కంప్యూటరులోను సెల్‌ఫోనులోను వ్రాసికొనుచున్నాము. కాని వానికొక పెద్ద జాడీ నుంచవలెనను తలంపు మాత్రము మనకు కలుగలేదు. ఈ మరపు ఎంతటి చేటు తెచ్చునో మా యింటనే చూచితిని గావున ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాను.

మాది కామారెడ్డి జిల్లాలోని మహమ్మద్‌నగర్. నిజాంసాగరపు నీటితో వరి పండు చోటు. మా తోడికోడలు, మా వైపు మాటలో యారాలు, విత్తనములు, ఎరువులు, పశువుల దాణా అమ్ము చిన్న దుకాణము నడుపుచున్నది. నాట్లనాడు అప్పుగా నిచ్చి, కోతలైన పిమ్మట వసూలు చేసికొనుట ఇచ్చటి వాడుక. పూర్వము ఎఱ్ఱగుడ్డ అట్టవేసిన పొడుగుపాటి ఖాతాపుస్తకములో వ్రాసెడిది. పిల్లలు చదువుకొని వచ్చిన తరువాత కంప్యూటరు కొన్నారు. పుస్తకము అటుక నెక్కినది. ప్రతి రాత్రియు లెక్కలను ఒక పెన్‌డ్రైవులోనికి ఎక్కించుమని యెవరో చెప్పగా ఆమె తప్పక ఎక్కించుచుండెను. అయితే ఆ పెన్‌డ్రైవు రాత్రింబవళ్లు ఆ కంప్యూటరునకే తగిలియుండెడిది. తీసి పెట్టవలెనని ఆమెకెవరును చెప్పలేదు, మాకును తోచలేదు.

ఒక జ్యేష్ఠమాసమున, సాయంకాలము ఉఱుములతో గాలివాన వచ్చినది. పిడుగు ఎచ్చటనో పడెను; దాని దెబ్బ కరెంటు తీగవెంట దుకాణములోనికి వచ్చెను. కంప్యూటరును, దానికి తగిలియున్న పెన్‌డ్రైవును ఒక్క క్షణమున మాడిపోయినవి. మిగిలినది ఆడిటరు కొఱకు ఉగాదికి ముందు తీయించిన కాగితపు పట్టిక యొక్కటి. అది కోతలకు పూర్వపు పట్టిక; దానిలో అందరును బాకీదారులే. కోతల తరువాత ఎవరెవరు చెల్లించిరో చెప్పు సాక్ష్యము మాత్రము లేదు.

చాలమంది పెద్దమనుష్యులవలె వచ్చి తమ లెక్క తామే చెప్పిరి. ఒక ముసలామె సంగతి వేరు. భర్త లేడు, రెండెకరముల పొలము. పట్టికలో ఆమె పేర ఆఱువేల రూపాయలున్నవి. మా మఱది నలుగురున్న చోట ఆమెను అడిగినాడు. ఆమె మాటాడక వక్కాకు సంచి విప్పి, అడుగున మడిచియుంచిన చీటి తీసి మా తోడికోడలి చేతిలో పెట్టినది. "పైసలు నా చేత్తోని ఇచ్చిన బిడ్డా. నువ్వు కాయితం గూడ ఇచ్చినవ్. గిదే గది" అన్నది. చీటి విప్పి చూతుము గదా, తెల్లకాగితము! ఒక్క అక్షరము లేదు. ఆ చీటి వేడిచే అచ్చువేయు చిన్నయంత్రమునుండి వచ్చినది. అట్టి కాగితముపై అక్షరములు సిరాతో పడినవి కావు. కాగితపు పూత వేడికి నల్లబడి యేర్పడినవి. ఎండకు, నూనెకు, చేతి చెమటకు అవి మాసిపోవును. చదువురాని ఆ తల్లి రెండు నెలలు దానిని ప్రాణమువలె దాచినది. ఆమె దాచినకొలదియు అది మాసిపోయినది.

మా తోడికోడలు ఆమె మాట నమ్మి బాకీ కొట్టివేసినది. అయినను ఆ ముసలామె మరల ఆ గుమ్మము త్రొక్కలేదు. ఎరువులకై రెండు క్రోసులు నడచి మఱియొక దుకాణమునకు పోవుచున్నది. ఆఱువేలు పోయినను మేము కోలుకొందుము. చెల్లించినదానిని మరల అడిగించుకొన్న ఆమెకు మేమేమి ఇచ్చి తీర్చగలము? లెక్క యనునది మన సొమ్ముకు మాత్రమే కాపు కాదు, ఎదుటివారి మానమునకును కాపు అని నాకు నాడు తెలిసినది. ఆనాటినుండి, ఏ వస్తువులో దాచిన లెక్క నిలుచునో తెలిసికొనవలెనని మా వారిని, వారి బడిలో కంప్యూటరు చెప్పు ఉపాధ్యాయులను విసిగించి, దొరికినదెల్ల చదివితిని. ఆ సారమిది.

రాయి, రాగి, ఆకు

దాచుట మన జాతికి క్రొత్త పని కాదు. క్రీ.శ. 575 ప్రాంతపు కలమళ్ల శాసనము రాతిపై నుండుటచేతనే, తెలుగున తొలి శాసనమని నేడు చదువగలుగుచున్నాము. మన తెలంగాణమున కురిక్యాల గుట్టపై జినవల్లభుడు పదవ శతాబ్దమున చెక్కించిన కందపద్యములు నేటికిని నిలిచియున్నవి. తాళ్లపాకవారు అన్నమాచార్యుల సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి తిరుమల గుడిలోని అరలో భద్రపరచిరి. ఆయన రచించినవి 32,000 అని ప్రతీతి. రాగిపై నిలిచి మనకు దక్కినవి 12,000కు పైచిలుకు మాత్రమే.

రాయియు రాగియు నిలుచును గాని, దినదినము మారు పద్దును వానిపై చెక్కలేము. నిత్యపు వ్రాతకు మన పూర్వులకు తాటియాకే దిక్కు. ఆకు పురుగుకు, చెమ్మకు, చివరకు తన యెండుదనమునకే లోనగును. అందుచే పసుపో నిమ్మగడ్డి నూనెయో పూసి, రెండు చెక్కల నడుమ బిగించి, బట్టలో చుట్టి దాచిరి. ఇంత చేసియు ఆకు శాశ్వతమని వారు నమ్మలేదు. అంచులు విఱుగుచున్న ప్రతిని చూచి, క్రొత్త ఆకులపై మరల వ్రాయించిరి. నన్నయగారి భారతము సుమారు వేయేండ్లుగా మనకు దక్కినది ఏ యాకు గట్టిదనముచేతను గాదు. తరమునకొకరు కూర్చుండి గంటము పట్టి తిరుగ వ్రాయుటచేత.

మఱియొక సంగతి. నన్నెచోడుని కుమారసంభవము చిరకాలము మఱుగునబడి యుండినది. మానవల్లి రామకృష్ణకవిగారు తంజావూరి సరస్వతీ మహలు గ్రంథములలో దానిని కనుగొని 1909లో అచ్చువేయించిరి. తెలుగు కావ్యము తెలుగునాట కానరాక, దూరమున నున్న ప్రతివలన బ్రతికినది. ఈ రెండు పాఠములను, అనగా తిరుగ వ్రాయుటను, దూరమున నొక ప్రతి నుంచుటను, మనస్సున నుంచుకొని నేటి వస్తువులను పరికింతము.

నేటి ఆకులు

కంప్యూటరు వస్తువులలో అక్షరము మూడు విధముల దాగును: అయస్కాంతపు గుర్తుగా, వెలుతురుచే చదువు చుక్కగా, లేదా సూక్ష్మమైన గదులలో బంధించిన విద్యుత్తుగా. ఏ విధమున దాగినదో తెలిసిన, దానికేది శత్రువో తెలియును.

ముందుగా పెన్‌డ్రైవు, సెల్‌ఫోనులో పెట్టు మెమరీకార్డు. ఇవి విద్యుత్తును బంధించు జాతి. చౌక, చిన్నవి, పడినను పగులవు. అయితే ఆ బంధనము శాశ్వతము కాదు. వాడక మూలబెట్టినకొలదియు విద్యుత్తు కొంచెము కొంచెముగా జారిపోవును; వేడిమిలో త్వరగా జారును. వేసవిలో నలుబది డిగ్రీలు దాటు మన ఊళ్లలో, రేకుల కప్పు క్రింద, అలమారులో రెండేండ్లు మఱచిన పెన్‌డ్రైవును నమ్మరాదు. ఎన్నిమార్లు చెరిపి వ్రాయవచ్చుననుటకును వీనికొక హద్దు కలదు. పైగా సంతలలో మోసపు సరుకు కలదు. పైన 64 అని అచ్చువేసి లోపల 8 మాత్రమే యుండును. ఎక్కించినదంతయు ఎక్కినట్లే కనబడును, తెఱచినప్పుడు తెలియును. కొన్న దినముననే దానినిండ ఏవైన ఫైళ్లు నింపి, మరల తెఱచి చూచినగాని లెక్కలు ఎక్కింపరాదు. పెన్‌డ్రైవు ఒకచోటినుండి మఱియొకచోటికి కొనిపోవు సంచి వంటిది, గాదె కాదు.

దాని పెద్దన్న ఎస్ఎస్‌డి అను క్రొత్తరకపు డిస్కు. తిరుగు భాగములు లేవు. కనుక వేగము ఎక్కువ, కుదుపునకు ఓర్చును. దినదినము పనిచేయు కంప్యూటరులో ఇది మేలైనది. కాని ఇదియు ఆ జాతిదే. బాగుగా వాడి అరిగిన ఎస్ఎస్‌డి కరెంటు లేక 30 డిగ్రీల యొద్ద ఒక యేడాది లెక్కను నిలుపవలెనని మాత్రమే ఆ పరిశ్రమవారు ప్రమాణము పెట్టుకొన్నారు. క్రొత్తది అంతకంటె చాలకాలము నిలుచును. అయినను ఏండ్ల తరబడి పెట్టెలో మూసియుంచుటకు తగినది కాదు. చెడునప్పుడు ముందు సూచన లేకయే చెడుట దీని మఱియొక గుణము.

హార్డుడిస్కు అయస్కాంతపు జాతి. లోపల అద్దమువంటి పళ్లెము గిరగిర తిరుగుచుండ, దానిపై వెండ్రుకకంటెను తక్కువ యెడముతో చదువు ముల్లు తేలుచుండును. తిరుగుచుండగా చేయి జారి పడెనా, ముల్లు పళ్లెమును గీచును, అంతటితో సరి. పడవేయక వాడిన ఇది నమ్మదగినదే. అమెరికాలో వేలకొలది హార్డుడిస్కులను నడుపు బ్యాక్‌బ్లేజ్ అను సంస్థ 2013 మొదలు తన లెక్కలను బయట పెట్టుచున్నది. వాని ప్రకారము సామాన్యముగా నూటికి ఒకటి రెండు ఏటేట చెడుచుండును. నూటికొకటి కొంచెమే గదా యని తోచవచ్చును. ఆ యొక్కటి మన యింటిదైనప్పుడు మనకది నూటికి నూఱు. కావున మూడు నాలుగేండ్లకొకసారి క్రొత్తది కొని పాతదానిలోని లెక్కలను దానిలోనికి ఎక్కింపవలెను. ఖర్చునకు, నిలుకడకు, పరిమాణమునకు పొంతన చూచిన, సామాన్య దుకాణమునకు విడిగా నుంచు హార్డుడిస్కే మొదటి ఎన్నిక.

సీడీలు, డీవీడీలు వెలుతురు జాతివి. ఒక్కసారి వ్రాసినది చెరుగదు. వైరస్సు వచ్చి మార్చలేదు. పిడుగు పడినను వానికేమియు కాదు. అవి వీని సుగుణములు. అయితే ఇంట వ్రాసికొను సీడీలో అక్షరము రంగు పూతపై పడును. ఆ రంగు ఎండకు వెలియును, చౌకరకము కొన్నియేండ్లకే చెడును. సీడీలో 700 మెగాబైట్లు, డీవీడీలో 4.7 గిగాబైట్లు పట్టును. దుకాణపు లెక్కలకు ఇది చాలును. చిక్కు మఱియొకచోట నున్నది. నేటి కంప్యూటర్లలో వానిని చదువు అరయే యుండుట లేదు. వ్రాసికొను బ్లూరే డిస్కుల తయారీని సోనీ సంస్థ 2025 ఫిబ్రవరిలో ఆపివేసినది. అంతకు పూర్వము ఫ్లాపీల గతియు ఇదియే: 1.44 మెగాబైట్లు పట్టు ఆ చదరపు బిళ్లలను సోనీ వారు 2011లో మానుకొనిరి. నేడు ఎవరి పెట్టెలోనైన చెక్కుచెదరని ఫ్లాపీ యుండవచ్చును. దానిని చదువు యంత్రమేది? వస్తువు నిలుచుటయే కాదు, దానిని చదువు సాధనమును నిలువవలెను. వస్తువును ఎన్నునప్పుడు, పదేండ్లకు దీనిని ఎవరు చదువుదురని అడుగుకొనుడు.

అయస్కాంతపు టేపు అను నొక వస్తువు కలదు. పాతకాలపు పాటల క్యాసెట్టునకు దూరపు చుట్టము. చల్లని పొడిచోట ముప్పదియేండ్లు నిలుచునందురు. బ్యాంకులు, పెద్ద సంస్థలు నేటికిని దీనినే నమ్మియున్నవి. 2011 ఫిబ్రవరిలో గూగులువారి ఉత్తరముల పెట్టెలలో కొన్ని ఒక తప్పువలన ఖాళీయైనప్పుడు, వారు టేపులనుండియే వానిని తిరిగి తెచ్చి యిచ్చిరి. అయితే దానిని నడుపు యంత్రము మిక్కిలి ప్రియమైనది. మన దుకాణములకు తగదు.

ఇక క్లౌడు. మేఘమను పేరు విని ఆకాశమున నున్నదనుకొనరాదు. అది దూరదేశమున నేలపై నున్న ఒరుల కంప్యూటరు. మన యింట దొంగ పడినను, నీరు వచ్చినను దానికి భయము లేదు. ఇది గొప్ప మేలు. కాని మూడు మెలకువలు కావలెను. ఒకటి: ఫోనును క్లౌడును జతపఱచియుంచుట వేరు, మారుప్రతి వేరు. జతపఱచినచోట ఇచ్చట చెరిపినది అచ్చటను చెరుగును. రెండు: తాళపుమాట మఱచినను, ఆ ఫోను నంబరు పోయినను తలుపు తెఱవదు. మూడు: రెండేండ్లు ముట్టని ఖాతాలను గూగులువారు తొలగింపవచ్చునని నియమము పెట్టియున్నారు. కావున ఆ తలుపు అప్పుడప్పుడు తట్టుచుండవలెను.

చివరకు కాగితము. దీనిని చులకన చేయకుడు. కంప్యూటరు లేకయే చదువదగినది ఇదియొక్కటే. అయితే ఏ యచ్చో చూడవలెను. వేడియచ్చు మాసిపోవునని మా యింటి కథయే చెప్పినది. సిరాయచ్చు నీరు తగిలిన కారును. లేజరు యంత్రపు నలుపు పొడి కాగితమున కరగి యంటుకొనును గావున చాలకాలము నిలుచును. నెలకొకసారి బాకీల పట్టికను లేజరు అచ్చు వేయించి దాచిన, ఎంత ఉపద్రవము వచ్చినను నెల దినముల లెక్కకంటె ఎక్కువ పోదు.

ఎన్ని ప్రతులు, ఎచ్చటెచ్చట

ఇదంతయు విని, ఇన్నిటిలో నమ్మదగినది యేది యని మీరడుగుదురు. నేనును అదే యడిగితిని. ఏ యొక్కటియు కాదని తేలినది. నమ్మదగినది వస్తువు కాదు, ఏర్పాటు. ఛాయాచిత్రకారుడైన పీటర్ క్రోగ్ ప్రచారమునకు తెచ్చిన సూత్రమొకటి కలదు: మూడు ప్రతులు, రెండు విధములైన వస్తువులపై, అందొకటి వేరుచోట. అనగా కంప్యూటరులోని మూలప్రతి చిన్న జాడీ. ఇంటనే విడిగా నున్న హార్డుడిస్కు పెద్ద జాడీ. పుట్టింటనో క్లౌడునందో నున్నది విత్తనపు గింజ.

విడిగా ననుమాట గట్టిగా పట్టుకొనుడు. పని ముగిసిన తోడనే తీగ ఊడదీసి డిస్కును బీరువాలో పెట్టవలెను. ఇది పిడుగునకు మాత్రమే కాదు. 2017 మే నెలలో వానాక్రై యను దుష్టప్రోగ్రాము ప్రపంచమంతట వ్యాపించి, ఫైళ్లకు తాళములు వేసి, డబ్బిచ్చిన తెఱతుమని బెదరించినది. మన పొరుగున ఆంధ్రప్రదేశపు పోలీసుల కంప్యూటర్లు కొన్నియు దాని పాలబడినవి. అట్టి ప్రోగ్రాము కంప్యూటరునకు తగిలియున్న డిస్కులకును తాళము వేయును. బీరువాలోని డిస్కును అది యెట్లు తాకగలదు?

వేరుచోట ననుమాటయు అట్టిదే. 2025 ఆగస్టు చివర మన కామారెడ్డి జిల్లాలో కురిసిన కుంభవృష్టి మీలో పలువురికి తెలియును. వీధులకు వీధులే మునిగినవి. ఇంట మూడు ప్రతులున్నను మూడును ఆ నీటిలోనివే యగును. చిన్నవారే కాదు, రాజ్యములే ఈ పొరపాటు చేయును. ఆ తరువాతి నెలలోనే, సెప్టెంబరు 26న, దక్షిణ కొరియాలోని డేజన్ నగరమున ప్రభుత్వపు కంప్యూటరు నిలయమునకు నిప్పంటుకొన్నది. సుమారు ఏడున్నర లక్షలమంది ఉద్యోగుల కొఱకు ఏర్పఱచిన 858 టెరాబైట్ల దస్తరములు కాలిపోయినవి. అంత పెద్ద భాండారమునకు వేరుచోట మారుప్రతి లేదట! తాళము వేసి గొళ్లెము మఱచుటయన ఇదియే.

మా యింటి ఏర్పాటు

సామాన్య గృహమునకు సాధ్యమైనదని చూపుటకు మా తోడికోడలి యింట నేడు జరుగుచున్నదానిని చెప్పెదను. శుక్రవారము సంధ్యాదీపము పెట్టి, ఆమె బీరువానుండి హార్డుడిస్కు తీయును. వారపు లెక్కలను దానిలోనికి ఎక్కించి, తీగ ఊడదీసి, పట్టుగుడ్డల అరలో పెట్టును. పడిపోకుండ చుట్టూ మెత్తని బట్ట. అమావాస్యనాడు రెండవ డిస్కులోనికి ఎక్కించును. ఆ రెండవది బాన్సువాడలోని ఆమె పుట్టింట నుండును. నెలకొకమారు తమ్ముడు వచ్చినప్పుడు చేతులు మారును. దినదినపు లెక్క రాత్రి పడుకొనుటకు ముందు క్లౌడునకు పోవును. నెలాఖరున లేజరు పట్టిక. డిస్కుపై కొన్న తేది వ్రాసిన చీటి అంటించినది; నాలుగేండ్లు నిండిన దానికి సెలవు.

లెక్కల ఫైలును ఆ ప్రోగ్రాము రూపమున మాత్రమే దాచుట చాలదు. ఆ ప్రోగ్రామును చేసినవారు రేపు దుకాణము మూసికొన్న, ఫైలున్నను తెఱచువారుండరు. అందుచే ఎచ్చటనైన తెఱచుకొను సామాన్యమైన పట్టికగా గూడ ఒక ప్రతి తీయవలెను. ఎంతకాలము దాచవలెనందురా? జీఎస్‌టీ చట్టము క్రింద నమోదైన వర్తకులు వార్షికపత్రము దాఖలు చేయవలసిన గడువునుండి 72 నెలలు లెక్కలు నిలుపవలెను. ఆఱేండ్లనుమాట. నడుమ ఒకసారియైన వస్తువు మార్చక ఆఱేండ్లు గడుపరాదని దీనివలననే తెలియును.

ఈ లెక్కలలో ఒరుల అప్పులున్నవి. అవి ఒరుల రహస్యములు. పుట్టింటి డిస్కునకు తాళపుమాట పెట్టుడు. ఆ మాటను కాగితమున వ్రాసి, కవరులో మూసి, నగల పెట్టెలో నుంచి, ఇంట మఱియొకరికి చెప్పియుంచుడు. యజమానునికి అకస్మాత్తుగా ఏమైన జరిగి, తాళపుమాట తెలియక, రావలసినదేదో ఈయవలసినదేదో ఎఱుగక దిక్కుతోచని యిల్లాండ్రను మనము చూడలేదా?

తెఱచి చూడని జాడీ

అన్నిటికంటె ముఖ్యమైనదానిని చివరకు చెప్పుచున్నాను. మారుప్రతి యున్నదనుకొనుట వేరు, ఉండుట వేరు. 1998లో అమెరికాలోని పిక్సార్ సంస్థలో టాయ్ స్టోరీ 2 అను బొమ్మల సినిమా తయారగుచుండెను. ఎవరో పొరపాటున చెరుపుమను ఆజ్ఞ నిచ్చిరి. తెఱపై బొమ్మలు ఒక్కొక్కటే మాయమయినవి. మారుప్రతులున్నవి గదా యని తీసి చూడగా, అవి చాలదినములుగా సరిగా ఎక్కుటయే లేదని తెలిసినది. ఎవ్వరును తెఱచి చూడలేదు. అప్పుడు ఆ చిత్రపు సాంకేతిక పర్యవేక్షకురాలైన గాలిన్ సస్మన్ అను నామెకు, తన యింటి కంప్యూటరులో ఒక ప్రతి యున్న సంగతి జ్ఞప్తికి వచ్చినది. చంటిబిడ్డ తల్లి గావున ఆమె యింటినుండి పనిచేసికొనుచుండెను. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి, పసిపాపను తెచ్చినట్లు కారులో తెచ్చిరి. సినిమా దక్కినది. తల్లియై యింటనుండి పని చేసికొన్న యొక స్త్రీవలన అంతటి సంస్థ పరువు నిలిచినది!

కావున మూడు నెలలకొకసారి, బీరువాలోని డిస్కును వేఱొక కంప్యూటరునకు తగిలించి, ఒక రైతు పేరు వెదకి, అతని ఖాతా తెఱచి, మొత్తము సరిపోయినదో లేదో చూడుడు. నడుమనడుమ జాడీ మూత తీసి బూజు పట్టలేదని చూచుకొనమా? ఇదియు నట్టిదే.

చేతులు కాలిన తరువాత మేము ఆకులు పట్టుకొంటిమి. మీకట్టి దినము రాకుండుగాక. పెద్ద ఖర్చు లేదు: రెండు డిస్కులు, ఒక కాగితము, వారమునకు అరగంట. మన పెద్దలు విఱుగుచున్న ఆకును చూచి క్రొత్త ఆకుపై వ్రాసిరి. మనమును ఆ పనియే చేయవలసియున్నది.

మా తోడికోడలు ఇప్పుడు యంత్రపు చీటితోపాటు, నడుమ కార్బను కాగితము పెట్టిన పుస్తకములో చేతితో వ్రాసిన రసీదును గూడ ఇచ్చుచున్నది. మొన్న కోతలకు ముందు, ఆ పుస్తకమును తీసికొని తానే ఆ ముసలామె యింటికి పోయినది. "బాకీ లేదు" అని బాల్‌పెన్నుతో వ్రాసి, సంతకము చేసి, చదివి వినిపించి చేతికిచ్చినది. ఆమె చీటిని వెలుతురుకు పట్టి చాలసేపు చూచినది. చదువుట రాకున్నను, అక్షరములున్నవో లేవో చూచుట ఆమె నేర్చుకొన్నది. పిమ్మట మడిచి వక్కాకు సంచిలో గాక, దేవుని గూటిలో పెట్టినది. మరల మా దుకాణమునకు వచ్చునో రాదో చెప్పలేను. రానిమ్ము, రాకపోనిమ్ము, ఆ చీటి కార్బను ప్రతి మా పుస్తకములో నున్నది, దాని మారుప్రతి బీరువాలో నున్నది, మఱియొకటి బాన్సువాడలో నున్నది.